పేరు కొట్టివేసినంత మాత్రాన



పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మూడు వారాలుగా నా బల్ల మీదనే ఉంది. జవాబు తెలియక కాదు. సరిగా జవాబు చెప్పాలంటే నా పాత సంగతి ఒకటి బయటపెట్టాల్సి వస్తుంది గనుక వెనుకాడాను. ఉత్తరం రాసిన సహోదరిది ఒక పల్లెటూరు. ఊరి పేరు గాని జిల్లా పేరు గాని రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఆమె తల్లికి చాలా కాలంగా షుగరు, బి.పి. ఉన్నాయి. మూడు నెలలకోసారి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్తారు. ఈసారి ఓపీ చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చున్నప్పుడు, మెడలో కార్డు వేసుకున్న ఒక అబ్బాయి వచ్చి, "అమ్మా, షుగరు జబ్బు మీద పరిశోధన చేస్తున్నాం. మీ అమ్మగారి పాత రికార్డులు చూస్తాం, కొంచెం రక్తం తీసుకుంటాం, ఐదేళ్ళపాటు అప్పుడప్పుడు ఫోను చేసి ఆరోగ్యం అడుగుతాం. పేరు మాత్రం ఎక్కడా రాయం. ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడట. మళ్ళీసారి వచ్చినప్పుడు పెడతామని చెప్పి వచ్చేశారు.

"సంతకం పెట్టకపోతే మందులివ్వరేమోనని ఒక భయం. పెడితే అమ్మ జబ్బు సంగతులు ఎవరి చేతుల్లో పడతాయోనని ఇంకొక భయం. మా ఆయన, పేరు రాయమంటున్నారు కదా, ఇంక భయమెందుకు అంటారు. మీరు ఆస్పత్రిలో పనిచేసినవారు గనుక అడుగుతున్నాను అక్కగారూ" అని ఉత్తరం ముగించారు.

ఆయన వేసిన ప్రశ్నే అసలు ప్రశ్న. పేరు రాయకపోతే ఇంక భయమెందుకు?

నేను నర్సుగా ఉన్న ముప్పై ఏళ్ళలో నాలుగేళ్ళు ఒక మిషను ఆస్పత్రిలో రికార్డు రూము బాధ్యత కూడా చూశాను. కుష్ఠు క్లినిక్కు రిజిస్టర్లు మిగతావాటితో కలపకుండా, తాళం వేసిన చెక్క బీరువాలో ఉండేవి. తాళం చెవి నా నడుముకు ఉండేది. ఆ జబ్బు పేరు చెబితే ఆ రోజుల్లో ఇల్లు కూలిపోయేది. మందులు వచ్చి, జబ్బు పూర్తిగా నయమవుతుందని తేలిన తరువాత కూడా చట్టాల్లో దాని మచ్చ పోలేదు. మన క్రైస్తవ వివాహాలకు వర్తించే విడాకుల చట్టంతో సహా అనేక వివాహ చట్టాల్లో కుష్ఠు విడాకులకు ఒక కారణంగా ఉండేది. 2019లో పార్లమెంటు సవరణ చేసి దాన్ని తీసివేసింది. అంతవరకూ ఆ బీరువాలోని ఒక్క కాగితం బయటికి వస్తే ఒక కాపురం కోర్టుకెక్కే వీలుందన్నమాట.

ఒకసారి పరిశోధన నిమిత్తం ఒక డాక్టరు గారు వచ్చారు. మంచి మనిషి. రోగులు మధ్యలో మందులు ఎందుకు మానేస్తున్నారు అన్నది ఆయన తెలుసుకోవాలనుకున్నారు. చాలా అవసరమైన ప్రశ్న అది. సూపరింటెండెంటు గారు అనుమతిచ్చి, పేర్లు మాత్రం రాసుకోవద్దన్నారు. ఆయన రాసుకోలేదు. నేనే ఒక్కొక్క కేసు షీటు తీసి ఇచ్చాను. ఒక షీటు దగ్గర ఆగి, "ఈమె ఎనిమిది నెలలు ఎందుకు రాలేదు సిస్టరమ్మా?" అని అడిగారు. నాకు తెలుసు గనుక చెప్పాను. ఆ ముక్క కేసు షీటులో లేదు. నేను నోటితో చెప్పిందే.

ఏడాదిన్నరకు ఆయన నివేదిక అచ్చయి వచ్చింది. అందులో ఉదాహరణగా ఒక పేరా. నేను ఇక్కడ గుర్తులు మార్చి రాస్తున్నాను: వయసు ముప్పై ఎనిమిది, కవల పిల్లల తల్లి, భర్తకు సైకిలు షాపు, కాలువ గట్టు మీది ఊరు, అత్తగారికి మాత్రల పొట్లం కనబడినందువల్ల ఎనిమిది నెలలు చికిత్స మానివేసినది. పేరు లేదు, ఊరి పేరు కూడా లేదు. నివేదిక ప్రతులు ఆ ప్రాంతంలోని ఆరోగ్య కేంద్రాలకు పంపారు. ఒక కేంద్రంలో బల్ల మీద పడి ఉన్న ప్రతిని అక్కడ పనిచేసే ఒకాయన తిరగేశాడు. ఆయనకు ఆ కాలువ గట్టు మీది ఊళ్ళో చుట్టరికం ఉంది. కాలువ గట్టున సైకిలు షాపులు ఎన్ని ఉంటాయి? కవలలున్న ఇల్లు ఎన్ని ఉంటాయి?

అప్పటికి ఆమె పెద్ద కూతురికి ప్రధానం జరిగింది. చర్చిలో మొదటి ఆదివారం వివాహ ప్రకటన చదివారు. రెండో ఆదివారం చదవలేదు.

ఆమె ఆస్పత్రికి వచ్చి నా ఎదుట నిలబడింది. కేకలు వేయలేదు. "సిస్టరమ్మా, నా పేరు రాయలేదంటున్నారు. మా ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేదెవరు? కవలలమ్మ అనే కదా పిలుస్తారు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కూతురికి రెండేళ్ళ తరువాత వేరే సంబంధం కుదిరింది గాని, తల్లి మాత్రం మళ్ళీ మందుకు రాలేదు. చాలాకాలానికి వచ్చేసరికి కుడిచేతి వేళ్ళు రెండు వంగిపోయి ఉన్నాయి. మందులు ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవడానికి చేసిన పరిశోధన ఒక మనిషి చేత మందు మాన్పించింది.

ఇది మన పల్లెలకే పరిమితమైన సంగతి అనుకునేదాన్ని. కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో మసాచుసెట్స్ అనే రాష్ట్రం ఉంది. 1990లలో అక్కడ ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య బీమా చూసే సంస్థ, ఉద్యోగులూ వారి కుటుంబాలూ కలిపి సుమారు 1,35,000 మంది ఆస్పత్రి వివరాలను పరిశోధకులకు ఇచ్చింది. పేర్లు, చిరునామాలు తీసివేశాం గనుక ఎవరి గుట్టూ బయటపడదని గవర్నరు విలియం వెల్డ్ హామీ ఇచ్చారు. ఆయన 1996 మే నెలలో ఒక కాలేజీ స్నాతకోత్సవ సభలో స్పృహ తప్పి పడిపోయారు. పత్రికల్లో వచ్చింది. అప్పుడు లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని, ఎం.ఐ.టి.లో కంప్యూటరు శాస్త్రం చదువుతున్న అమ్మాయి, ఒక పని చేసింది. గవర్నరు ఉండే కేంబ్రిడ్జి పట్టణపు ఓటర్ల జాబితాను ఇరవై డాలర్లిచ్చి కొన్నది. అందులో పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది ఉంటాయి. ఆస్పత్రి జాబితాలో పేరు లేదు గాని పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది, పిన్‌కోడు లాంటి అంకె ఉన్నాయి. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టింది. గవర్నరు పుట్టిన తేదీనాడే పుట్టినవారు ఆ ఓటర్లలో ఆరుగురు. వారిలో మగవారు ముగ్గురు. ఆయన పిన్‌కోడులో ఉన్నది ఒక్కరే. ఆయన జబ్బు, పరీక్షలు, మందులు అన్నీ ఆమె ముందున్నాయి.

తరువాత ఆమె 1990 జనాభా లెక్కలు తీసుకుని అంచనా కట్టింది. పుట్టిన తేదీ, స్త్రీయో పురుషుడో, పిన్‌కోడు, ఈ మూడూ కలిస్తే అమెరికాలో నూటికి 87 మంది ఒంటరిగా తేలిపోతారు. ఆ తరువాతి జనాభా లెక్కలతో మరొకరు చూస్తే నూటికి 63 అని వచ్చింది. గవర్నరు ప్రసిద్ధుడు గనుక, ఆయన ఆస్పత్రిలో చేరిన రోజు లోకానికి తెలుసు గనుక పట్టుకోవడం తేలికైందని వాదించినవారూ ఉన్నారు. ఆ వాదంలో కొంత నిజముంది. అయితే పల్లెటూళ్ళో ప్రతివారూ ప్రసిద్ధులే కదా! ఎవరు ఏ రోజు ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్ళారో, ఎన్నాళ్ళకు వచ్చారో అరుగు మీద కూర్చున్నవారందరికీ తెలుసు.

2003 నుంచి అమెరికాలో ఒక నియమం అమలులో ఉంది. దాని ప్రకారం రికార్డును పేరులేనిదిగా చేయాలంటే పేరొక్కటే కాదు, పద్దెనిమిది రకాల గుర్తులు తీసివేయాలి. ఫోను నంబరు, బండి నంబరు, ముఖం కనబడే ఫొటో, ఇవన్నీ అందులో ఉన్నాయి. తేదీల్లో సంవత్సరం మాత్రమే ఉంచాలి. తొంభై దాటినవారందరినీ "90, ఆపైన" అని ఒకే గంపలో వేయాలి. ఇది చదివి నాకు నవ్వు వచ్చింది, తరువాత ఆలోచన వచ్చింది. మా వీధిలో తొంభై మూడేళ్ళ నాయనమ్మ ఒక్కరే ఉన్నారు. "93 ఏళ్ళ స్త్రీ" అని రాస్తే ఆమె పేరు రాసినట్టే.

అయితే అన్ని గుర్తులూ తుడిచేస్తే పరిశోధన పనికివస్తుందా? ఇది కూడా ఆలోచించాలి. 1854లో లండను పట్టణంలో సోహో అనే పేటలో కలరా వచ్చి పది రోజుల్లో వందలమంది పోయారు. డాక్టరు జాన్ స్నో మరణాలను నమోదు చేసే ఆఫీసుకు వెళ్ళి చనిపోయినవారి జాబితా తీసుకుని, ఇల్లిల్లూ తిరిగి, చావులన్నీ బ్రాడ్ వీధిలోని ఒక బోరింగు పంపు చుట్టూ ఉన్నాయని చూపించాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసివేశారు. జాబితాలో చిరునామాలు కొట్టివేసి ఇచ్చి ఉంటే ఆ పంపు దొరికేది కాదు.

ఈ కథలో స్నో పేరు అందరికీ తెలుసు. హెన్రీ వైట్‌హెడ్ అనే యువ పాదిరి గారి పేరు అంతగా తెలియదు. ఆయన ఆ పేటలోని సెయింట్ లూక్ చర్చిలో సహాయ గురువు. నీళ్ళవల్ల కలరా అనే మాట ఆయన మొదట నమ్మలేదు. తప్పని నిరూపిద్దామనే బయలుదేరాడు. ప్రతి ఇంటికీ వెళ్ళాడు, కొన్ని ఇళ్ళకు నాలుగైదుసార్లు. చివరికి మరణాల రిజిస్టరులో ఐదు నెలల పసిబిడ్డ మరణం కనబడింది. ఆ ఇల్లు పంపుకు ఎదురుగానే ఉంది. ఆ తల్లిని వెళ్ళి అడిగాడు. బిడ్డకు విరేచనాలైన గుడ్డలు ఉతికిన నీళ్ళు ఇంటి ముందున్న గుంటలో పోశానని ఆమె చెప్పింది. గుంట తవ్వి చూస్తే దాని గోడ శిథిలమై మురికి బావిలోకి ఊరుతోంది. అందరి మరణానికీ మూలం అక్కడ దొరికింది.

ఆ తల్లి ఇరుగుపొరుగు శవాలు మోస్తున్నప్పుడు తానున్న ఇంటి నుంచే ఆ మురికి వెళ్ళిందని పాదిరి గారితో ఎందుకు చెప్పింది? ఆయన మంచం పక్కన కూర్చున్నవాడు గనుక చెప్పింది. ఏ డాక్టరుకూ ఏ ఆఫీసరుకూ చెప్పి ఉండేది కాదని నా నమ్మకం. అయినా ఆ తల్లి పేరు, ఇంటి నంబరు నూట డెబ్బై ఏళ్ళుగా పుస్తకాల్లో ఉన్నాయి. శాస్త్రానికి ఆ ఇంటి జాగా కావాలి, ఒప్పుకుంటాను. ఆమె పేరు ఎందుకు కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను ఇక్కడ రాయను.

ఇప్పుడు మన సహోదరి దగ్గరకు వద్దాం. ఆ అబ్బాయి మాటల్లో ఒకటి నాకు ముల్లులా గుచ్చుకుంది. పేరు ఎక్కడా రాయమన్నాడు, ఐదేళ్ళు ఫోను చేస్తామన్నాడు. పేరు, ఫోను నంబరు ఎక్కడా లేకపోతే ఫోను ఎవరికి చేస్తారు? అబద్ధం చెప్పాడని కాదు. అతనికి చెప్పమన్నది చెప్పాడు. జరిగేదేమిటంటే, రక్తం గొట్టం మీద, కాగితం మీద ఒక అంకె వేస్తారు. ఏ అంకె ఎవరిదో తెలిపే జాబితా విడిగా ఒకచోట ఉంటుంది. నా చెక్క బీరువా లాంటిదే, ఇప్పుడు కంప్యూటరులో ఉంటుంది. గనుక అడగవలసింది "పేరు రాస్తారా" అని కాదు. "ఆ జాబితా ఎవరి దగ్గర ఉంటుంది, ఎందరు చూడగలరు, పని అయ్యాక దాన్ని ఏం చేస్తారు" అని అడగాలి. ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పినవారిని నేను నమ్ముతాను.

రక్తం సంగతి ఇంకొకటి. అమెరికాలోనే గ్రాండ్ కాన్యన్ అనే లోతైన కనుమలో హవాసుపాయి అనే చిన్న తెగ ఉంది. కొన్ని వందల మందే. వారిలో షుగరు జబ్బు విపరీతం. 1990లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వచ్చి రక్తం అడిగితే, షుగరుకు మేలు జరుగుతుందని ఇచ్చారు. చాలా ఏళ్ళ తరువాత, 2003లో, ఆ తెగకు చెందిన ఒకరు యూనివర్సిటీలో ఒక ఉపన్యాసానికి వెళ్తే తమ రక్తం మీద వేరే పరిశోధనలు జరిగాయని తెలిసింది. మతి చలించే జబ్బు గురించి, దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళ గురించి, పూర్వులు ఎక్కడనుంచి వలస వచ్చారన్న దాని గురించి. తాము ఆ కనుమలోనే పుట్టామని తరతరాలుగా నమ్మేవారు వారు. కేసు వేశారు. 2010లో యూనివర్సిటీ 41 మందికి ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం తిరిగి అప్పగించింది. పెద్దలు వెళ్ళి దాన్ని తెచ్చుకున్నారు. ఇక్కడ ఎవరి పేరూ బయటపడలేదు. అయినా నష్టం జరిగింది, తెగ మొత్తానికి జరిగింది. ఒక్క మనిషి గుట్టు ఒక్కటే కాదు, ఒక పేట గుట్టు, ఒక కులం గుట్టు కూడా ఉంటాయి. "ఫలానా పేటవాళ్ళలో ఫలానా జబ్బు ఎక్కువ" అని అచ్చయితే ఆ పేట పిల్లలకు సంబంధాలు ఎలా కుదురుతాయో నేను చెప్పనక్కరలేదు.

ఐస్‌లాండు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అది మూడు లక్షలకు కాస్త లోపు జనాభా ఉన్నప్పుడు, 1998లో, దేశంలోని అందరి ఆరోగ్య రికార్డులనూ ఒకచోట చేర్చడానికి చట్టం చేసింది. ఆ పని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. ఎవరినీ ముందుగా అడగనక్కరలేదు, వద్దనుకున్నవారే వచ్చి చెప్పుకోవాలి. ఒక యువతి, చనిపోయిన తన తండ్రి రికార్డులు అందులో వేయవద్దని కోర్టుకెళ్ళింది. పోయినవాడి గుట్టుతో నీకేం పని అన్నారు. 2003లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. తండ్రి వంశపారంపర్య జబ్బుల వివరాల నుంచి కూతురి సంగతి కూడా తెలుస్తుంది గనుక అడిగే హక్కు ఆమెకుందని చెప్పింది. ఆ దేశవ్యాప్త రికార్డు తయారు కానేలేదు. మన సహోదరి తన తల్లి రక్తం గురించి అడుగుతున్నారు గాని, ఆ గొట్టంలో కొంతభాగం ఆమె సంగతి కూడా, ఆమె పిల్లల సంగతి కూడా ఉంది.

మన దేశంలో రక్షణ లేదా అంటే, ఉంది, లేదు కూడా. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే మాటగా, గోప్యత పౌరుల ప్రాథమిక హక్కు అన్నారు. అదే ఏడాది వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం ఆ రోగుల వివరాలు వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదంటుంది. అదే ఏడాది భారత వైద్య పరిశోధన మండలి పరిశోధకులు పాటించవలసిన నియమాల పుస్తకాన్ని తిరగరాసింది. మనుషుల మీద, మనుషుల రికార్డుల మీద చేసే పరిశోధన ఏదైనా ముందు ఒక నైతిక కమిటీ చూసి ఒప్పుకోవాలి. ఆ కమిటీలో డాక్టర్లే కాదు, న్యాయం తెలిసినవారు, చదువు పెద్దగా అవసరం లేని మామూలు మనిషి ఒకరు ఉండాలి. 2023లో పార్లమెంటు వ్యక్తుల వివరాల రక్షణకు ఒక చట్టం చేసింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అంచెలంచెలుగా అమలులోకి వచ్చేలా. అయితే ఆ చట్టంలో జబ్బు వివరాలకు విడిగా ప్రత్యేక స్థానం లేదు. పరిశోధన కోసమైతే, ఆ వివరాలతో ఒక వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోనంతవరకు, నిర్ణీత ప్రమాణాలు పాటిస్తే, చాలా నిబంధనల నుంచి మినహాయింపు కూడా ఉంది. మినహాయింపు తప్పని నేననను. జాన్ స్నో లాంటివారికి దారి ఉండాలి. కాని తలుపు ఎంత తీయాలో చూసుకునే బాధ్యత ఆ నైతిక కమిటీ మీదే పడుతుంది.

కాగితం మీద నియమం, బెంచీ దగ్గర సంతకం ఒకటి కావని మన తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసే టీకా మీద అధ్యయనం జరిగింది. వేలమంది బాలికలకు టీకాలు వేశారు. 2010లో దాన్ని ఆపివేశారు. కొందరు బాలికల మరణాలు టీకావల్ల కాకపోవచ్చునని విచారణ సంఘం చెప్పింది. టీకాను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే అనేక అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారని తేలింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని గట్టిగా ఖండించింది. అడవి పక్క ఊళ్ళలో ఉన్న ఆ తల్లిదండ్రులను అడగడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

చెల్లెమ్మా, మీ మొదటి భయానికి జవాబు తేలిక. సంతకం పెట్టకపోయినా మీ అమ్మగారి చికిత్స ఆపకూడదు, తగ్గించకూడదు. పెట్టిన తరువాత కూడా ఏ రోజైనా మానుకోవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. ఎవరైనా దీనికి భిన్నంగా మాట్లాడితే అక్కడే లేచి రండి.

రెండో భయానికి, ఆ కాగితం ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వవలసిందే. తెలుగులో ఉండాలి. అందులో పరిశోధన ఎవరు చేస్తున్నారో, డబ్బు ఎవరిస్తున్నారో, రక్తం ఎంతకాలం దాచుతారో, షుగరుకు తప్ప వేరేదానికి వాడతారా అన్నది ఉండాలి. వేరేదానికి వాడేందుకు విడిగా అడిగే గడి ఉంటే, దానికి ఒప్పుకోకుండా మొదటిదానికి మాత్రమే ఒప్పుకునే వీలుందేమో అడగండి. నైతిక కమిటీ ఫోను నంబరు ఉండాలి. ఆ నంబరు లేకపోతే ఆ రోజుకు సంతకం వద్దు. మీ అమ్మగారు వేలిముద్ర వేసేవారైతే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండి చదివింది విని, తాము కూడా సంతకం చేయాలి. ఇంకొక మాట: అడగవలసింది ముందు మీ అమ్మగారిని. ఉత్తరం నాలుగు పేజీల్లో మీ భయం ఉంది, మీ ఆయన మాట ఉంది. ఆమె ఏమన్నారో లేదు. రక్తం ఆమెది.

ఇవన్నీ సరిగా ఉంటే నేనైతే పెట్టమంటాను. మన పల్లెల్లో షుగరు ఎలా పెరుగుతోందో, ఏ మందు ఎవరికి పనిచేస్తుందో మనలాంటి వారి రికార్డులు చూడకుండా ఎవరికీ తెలియదు. పట్నం వాళ్ళ లెక్కలతో మనకు మందు రాస్తారు.

పరిశోధకులను ఇంతగా అడిగిన మనం మనల్ని కూడా ఒక మాట అడుక్కోవాలి. బుధవారం గృహ కూటాల్లో ప్రార్థన విన్నపాలు చెబుతాం. "ఫలానా సహోదరికి గర్భసంచిలో గడ్డ, ఫలానా వారబ్బాయికి ఫిట్స్." ఇప్పుడు సంఘం వాట్సాపు గ్రూపులో స్కానింగు రిపోర్టు ఫొటోనే పెడుతున్నారు, పేరు, వయసు, పరీక్ష చేసిన చోటు అన్నీ కనబడేలా. ఆ సహోదరిని అడిగారా? ప్రార్థనకు జబ్బు పేరు అవసరమా? మా సంఘంలో మా పాస్టరమ్మ గారు ఇప్పుడు ఒక పద్ధతి పెట్టారు. విన్నపం ఎవరిదో వారే చెప్పాలి, లేదా "ఒక కుటుంబం" అని మాత్రమే చెప్పాలి. మొదట్లో కొందరికి ఇది నచ్చలేదు. "ఎవరికోసమో తెలియకుండా ఎలా ప్రార్థిస్తాం" అన్నారు. రెండు నెలలు గడిచాక, అంతకుముందు నోరు విప్పని ముగ్గురు స్త్రీలు విన్నపాలు చెప్పడం మొదలుపెట్టారు.

చివరగా చెల్లెమ్మా, మీరు ఉత్తరంతోపాటు మీ అమ్మగారి రిపోర్టుల జిరాక్సులు పదకొండు పేజీలు జతచేశారు. పత్రికాఫీసులో ఉత్తరాలు విప్పే అబ్బాయి చూశాడు, నేను చూశాను. ఇంకెవరూ చూడకుండా వాటిని కవరులో పెట్టి అంటించాను. సోమవారం స్పీడు పోస్టులో మీకే తిరిగి వస్తాయి. కవరు మీద పంపినవారి దగ్గర నా ఇంటి చిరునామా మాత్రమే రాశాను, పత్రిక పేరు గాని ఈ శీర్షిక పేరు గాని రాయలేదు. మీ పోస్ట్‌మాన్ అడిగితే చుట్టాలు పంపారని చెప్పండి.